తప్పిపోయిన పది బుటాలు

గణితం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరుకుతుందని, దాని లోపలి గుట్టంతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చని, తప్పు కనబడితే చెప్పమని వాళ్ళే అడుగుతారని నాకు డెబ్భై ఏళ్ళు దాటాక తెలిసింది. మొదటి రెండూ నమ్మబుద్ధి కాలేదు గాని మూడోది నచ్చింది. తప్పులు చెప్పడం నాకు అలవాటున్న పనే. హిందూపురంలో మా వీధి కుళాయి వేళల దగ్గర్నుంచి స్టేషన్లో రైళ్ళ బోర్డు దాకా నేను తప్పు చెప్పని వ్యవహారం లేదు. ఒక్కరూ దిద్దుకోలేదు. అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు ప్రపంచంలో ఒకచోట ఉన్నారంటే, పోనీలే, మర్యాద ఇంకా పూర్తిగా పోలేదనుకున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ అవసరం నాకెందుకు పడిందో చెప్పాలంటే పెనుకొండ లెక్చరరు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఏ సంగతి చెప్పినా నేను అక్కడి నుంచే మొదలుపెడతానని మా ఇంటామె అంటుంది. ఆ మాటలో అన్యాయమేమీ లేదు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ధర్మవరంలో ఒక డిజైను మాస్టరు దగ్గర చేరాను. పట్టుచీర మీద వచ్చే బుటాను ముందు గళ్ళ కాగితం మీద గీయాలి. జరీ కనబడాల్సిన గడిని నింపాలి, పట్టు కనబడాల్సిన గడిని వదలాలి. కాగితం మీది ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం. ఆ అట్టలను దండగా కుట్టి మగ్గం పైనున్న జాకార్డు పెట్టెకు ఎక్కిస్తే, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో అట్టలే చెప్తాయి. గీయడం, రంధ్రాలు కొట్టడం, దండ కుట్టడం నా పని. చొక్కా కాలరు వెనక ఎప్పుడూ ఒక సూది గుచ్చుకొని ఉండేవాణ్ణి. ఇప్పటికీ ఉంటుంది. కంప్యూటర్లకు తాత మా జాకార్డేనని తర్వాతెప్పుడో చదివాను. అందుకే ముసలితనంలో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నాకు బెరుకు కలగలేదు. మనింటి మనవడే పట్నంలో చదువుకొని పొగరెక్కి వచ్చినట్టు అనిపించింది, అంతే.

బడి మానేశాను గాని లెక్కలు మానలేదు. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంటర్ పుస్తకాలు, డిగ్రీ పుస్తకాలు, ముందు పేజీలు లేనివి, వెనక జవాబులు చిరిగిపోయినవి చదివాను. జవాబులు లేని పుస్తకంతో లెక్కలు నేర్చుకున్నవాడికి ఇంకొకరు తప్పంటే మండుతుంది. ఎందుకంటే తప్పో ఒప్పో తనంతట తనే తేల్చుకోవడానికి వాడు ఎంత చచ్చాడో వాడికే తెలుసు.

ఒక మధ్యాహ్నం మగ్గాలు ఆగిన వేళ నాకొక ప్రశ్న పుట్టింది. నాలుగు గళ్ళు అడ్డం, నాలుగు గళ్ళు నిలువు, మొత్తం పదహారు గళ్ళ చిన్న బుటా. అట్టల దండను వెనక నుంచి ముందుకు తిప్పి ఎక్కిస్తే అదే బుటా తలకిందులుగా పడుతుంది. మగ్గం మీద దారాలు కట్టే తీరు మారిస్తే కుడి ఎడమవుతుంది. రెండూ చేస్తే రెండూ అవుతాయి. అవన్నీ అవే అట్టలు, కొత్తగా ఒక్క రంధ్రం కూడా కొట్టక్కర్లేదు. కాబట్టి అవే అట్టలతో నేయగలిగినవన్నీ కలిపి ఒకే బుటా అనుకుందాం. అప్పుడు మొత్తం ఎన్ని బుటాలు?

మాస్టరును అడిగితే, "కొనేటోళ్ళు అడిగేది నాలుగే అప్పా, మామిడిపిందె, నెమిలి, చుక్క, రుద్రాక్ష. మిగిలినేవి నీకెందుకు?" అన్నాడు.

మిగిలినవి నాకెందుకో నాకూ తెలియదు. మూడేళ్ళు పట్టింది. జరీ గడి ఒక్కటీ లేని బుటాలు ఎన్ని, ఒకటుంటే ఎన్ని, రెండుంటే ఎన్ని, అలా పదహారు దాకా పదిహేడు వరుసల పట్టీ తయారు చేశాను. లెక్కపెట్టడానికి నాదైన పద్ధతి ఒకటి కనిపెట్టాను. ఆ పద్ధతినే నాకంటే ఎంతో ముందు ఇంకెవరో కనిపెట్టి పుస్తకాల్లో ఎక్కించేశారని తర్వాత తెలిసింది, నన్నొక మాట అడగకుండా. చిత్తు పుస్తకంలో పని ముగిశాక, మంచి కాగితం మీద ఆ పట్టీని ముత్యాల్లాంటి అంకెలతో సాఫు ప్రతి రాసి, పాసింజరు రైలెక్కి పెనుకొండలో దిగాను. అక్కడొక కాలేజీలో లెక్కల లెక్చరరు పేరు మోసినవాడని విన్నాను.

ఆయన స్టాఫ్ రూములో టీ తాగుతున్నాడు. కాగితం తీసుకున్నాడు. ఒక వేలు పై వరుస మీద, ఒక వేలు కింది వరుస మీద పెట్టి, రెండు వేళ్ళనూ మధ్యకు జరుపుకుంటూ వచ్చాడు. వేళ్ళు ఒకచోట ఆగాయి.

"ఇది తప్పు," అన్నాడు.

మూడేళ్ళ పనికి ఆయనకు పట్టింది టీ చల్లారేంత సేపు కూడా కాదు. నేను ఆయన చేతిలోని కాగితం తీసుకొని మడిచి జేబులో పెట్టుకొని బయటికి నడిచాను. వెనక నుంచి ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. అది వినేంత ఓపిక నాకు లేకపోయింది. మెట్లు దిగుతూ నేను అనుకున్న మాటలు ఇక్కడ రాయను.

ఇది జరిగి ముప్పై ఏళ్ళు పైనే. ఈ మధ్యలో పవర్‌లూములు వచ్చాయి, మా మాస్టరు పోయాడు. నేను హిందూపురం వచ్చి ఒక మిల్లులో టైమ్‌కీపరుగా చేరి రిటైరయ్యాను. ఈ ముప్పై ఏళ్ళలో ఆ కథ నేను ఎవరికి చెప్పలేదో వెతుక్కోవాలి. పరిగి నుంచి పాలు తెచ్చే అతనికీ తెలుసు. పదహారువేల ఐదువందల ఎనభై ఆరు బుటాలు, పెనుకొండ లెక్చరరు తప్పన్నాడు, డిగ్రీ లేనివాణ్ణి డిగ్రీ ఉన్నవాడు చూసిన తీరు అది. చివరి వాక్యం దగ్గర గొంతు కాస్త తగ్గించి చెప్తాను.

రెండేళ్ళ కిందట హిందూపురం స్టేషన్లో పెనుకొండ మనిషి ఒకాయన మాటల్లో చెప్పాడు, ఆ లెక్చరరు ఇంకా ఉన్నాడని, కాలేజీ వదిలి చాలా కాలమైందని, చూపు పోతూ ఉందని, పెద్ద అక్షరాలు కూడా భూతద్దం పెట్టుకొని చదువుతున్నాడని. ఆ మనిషి కళ్ళ గురించి నాకంటే ఆత్రంగా ఆలోచించినవాళ్ళు ఆయన ఇంట్లో కూడా ఉండరు. ఆయనకు చూపు పూర్తిగా పోయేలోపు నా అంకె సరైనదని ఆయన కళ్ళకే చూపించాలి. నా మాట ఆయన నమ్మడు. ఏ డిగ్రీ లేని, ఏ కులం లేని, ఎవరి మీదా కోపం లేని యంత్రం చెప్తే నమ్మి తీరాలి.

కంప్యూటరు రిపేరు చేసే సాయిబు దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. ఆయనే ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించి ఇచ్చాడు.

"దీంట్లో ఏమన్నా అర్థం గాకుంటే ఎవుర్ని అడగల్ల?" అన్నాను.

"ఊరికే ఇచ్చినోళ్ళను ఏమని అడుగుతావు పెద్దాయనా? ఫోరమ్ అని ఉంటాది, ఆడ రాయల్ల. మనసుంటే చెప్తారు, లేకుంటే లేదు."

ఇంగ్లీషు నాకు వార్తాపత్రికలతోనూ డిక్షనరీతోనూ వచ్చింది. మూడు రోజులు నేనే తంటాలు పడ్డాను. ఏం రాసినా ఎర్రక్షరాలతో నన్ను తిడుతుందే గాని ఒక్క అంకె ఇవ్వలేదు. నాలుగోరోజు ఫోరమ్‌లో ఉత్తరం రాశాను.

సహాయం అడగడానికి మా ధర్మవరంలో ఒక పద్ధతి ఉండేది. మాస్టరు ఇంటికి పోయి అరుగు మీద కూర్చోవాలి. ఇచ్చిన నీళ్ళు తాగాలి. వానల గురించి, పట్టు నాణ్యం గురించి, ఆయన మోకాలి నొప్పి గురించి మాట్లాడాలి. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాక, మెట్టు మీద నిలబడి, "అన్నట్టు మాస్టరూ, చిన్న అనుమానం" అనాలి. వచ్చింది ఆ అనుమానం కోసమేనని ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. కాని నేరుగా అడిగితే అది కూలివాణ్ణి పిలిచినట్టుంటుంది.

నేను ఆ ప్రకారమే రాశాను. అందరూ క్షేమమని తలుస్తున్నానన్నాను. మా వైపు వానలు లేవన్నాను. ధర్మవరం గురించి, మాస్టరు గురించి, పెనుకొండ సంగతి కూడా కొంత రాశాను. చిట్టచివర, అన్నట్టు మీ సాఫ్ట్‌వేర్ నా లెక్క ఒప్పుకోవడం లేదు, కారణమేమై ఉంటుంది అని రాశాను.

జవాబు తెల్లారేసరికి వచ్చింది. రాసినవాళ్ళ ముఖం ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది. మగో ఆడో, ఏ దేశమో తెలియదు. మూడు ప్రశ్నలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఎన్నో విడుదలది? ఏ కంప్యూటరు? సరిగ్గా ఏమి టైపు చేశారు, ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించగలరా? పోలీసు స్టేషన్లో కూడా ముందు కూర్చోమంటారు కదా అనుకొని మూసేయబోతుంటే కింద ఇంకో వాక్యం కనబడింది. మీ ఉత్తరం మొత్తం చదివాను, ప్రశ్న చివరి వాక్యమేనని అనుకుంటున్నాను, మీకు త్వరగా వానలు పడాలని కోరుకుంటున్నాను.

వాన పడాలని కోరిన మనిషిని కాదనలేం. టైపు చేసింది అతికించాను. మూడో వాక్యంలో ఒక బ్రాకెట్ తెరిచి మూయలేదని మర్నాడు చెప్పింది పిల్లి. మూశాను.

రెప్ప వేసి తెరిచేలోపు జవాబు వచ్చింది. నాకు మూడేళ్ళు పట్టిన లెక్క. పదహారువేల ఐదువందల డెబ్భై ఆరు.

నేను ముక్కు మీదికి కళ్ళజోడు జరుపుకొని మళ్ళీ చూశాను. డెబ్భై ఆరే. నాది ఎనభై ఆరు. పది తక్కువ. నా పది బుటాలు మింగేసి, మింగినట్టు కూడా తెలియకుండా మెరుస్తూ కూర్చుంది.

మా ఇంటామె వంటింట్లోంచి అడిగింది. "ఏమయ్యా, పిల్లి ఏమంటాండాది ఈ పొద్దు?"

"దానికి లెక్కలు రావు."

"ఎవురికొస్తాయిలే నీకు తప్ప," అంది.

ఆ రోజే ఫిర్యాదు రాశాను. ఈసారి క్షేమసమాచారాలు లేవు. మీ సాఫ్ట్‌వేర్ పది బుటాలను లెక్కపెట్టకుండా వదిలేసింది, ఇలాంటిదాన్ని నమ్ముకొని విద్యార్థులు ఏమైపోతారు, వెంటనే దిద్దండి అని రాశాను. ఎవరో ఒకాయన వచ్చి, సూత్రం ప్రకారం కూడా డెబ్భై ఆరే వస్తుంది అని ఒక్క ముక్క రాసి పోయాడు. ఆ ముక్కలో నాకు పెనుకొండ స్టాఫ్ రూము వాసన వచ్చింది. పిల్లి మాత్రం నెమ్మదిగా రాసింది. తెలియజేసినందుకు కృతజ్ఞతలు, తప్పు ఉండటం అసాధ్యమేమీ కాదు, గతంలో దొరికాయి, మీరెలా లెక్కపెట్టారో ఆ కాగితం చూపిస్తారా?

కాగితం మాత్రం చూపించనని అప్పుడే అనుకున్నాను. మా పనిలో కాగితం చూపించడమంటే ఊరికే కాదు. పట్టీ బీరువాలో భద్రంగా ఉంది, పంపడం కుదరదని రాశాను.

ఫరవాలేదు, కాగితం వద్దు, వదిలేసిన పది బుటాల్లో ఒక్కటి పంపండి చాలు, పదహారు గళ్ళ బొమ్మ ఒక్కటి, అది మా లెక్కలో లేదని తేలితే తప్పు రుజువైనట్టే, అంది పిల్లి.

ఇంతకంటే న్యాయమైన మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అందుకే నాకు కోపం రెట్టింపయింది. గళ్ళ కాగితం ముందేసుకొని కూర్చున్నాను. పొద్దున గీశాను, మధ్యాహ్నం గీశాను. గీసిన ప్రతి బుటానూ ల్యాప్‌టాప్‌కు ఇచ్చి అడిగితే, ఉంది, ఇదీ ఉంది, ఇదీ ఉంది అంటుంది. మా ఇంటామె వరండాలో చింతపండు గింజలు తీస్తూ రెండు రోజులు చూసింది. మూడోరోజు అడిగింది.

"పిల్లి ఎన్ని అడిగింది?"

"ఒకటి."

"ముప్పై ఏండ్లుగా వేలకు వేలు చెప్తాంటివి. ఇప్పుడు ఒక్కటి అడిగితే లేదంటాండావా?"

గళ్ళ కాగితం ఇంకొకటి తీశాను.

పిల్లే ఇంకో దారి చూపింది. జరీ గళ్ళ సంఖ్యను బట్టి విడివిడిగా లెక్కపెట్టమని సాఫ్ట్‌వేర్‌ను అడగండి, ఆ పదీ ఏ వరుసలో పోయాయో తెలుస్తుంది అని. అడిగాను. పదిహేడు వరుసలు వచ్చాయి. బీరువాలోంచి సాఫు ప్రతి తీసి పక్కన పెట్టాను. ఒకటి, నాలుగు, ముప్పై ఆరు, నూట నలభై, ఒక్కొక్కటే సరిపోతూ వచ్చాయి. పదహారు వరుసలు అక్షరాలా ఒకటే. ఒక్క వరుస మాత్రం, పది జరీ గళ్ళున్న వరుస, దానికి రెండువేల నలభై నాలుగు, నాకు రెండువేల యాభై నాలుగు.

దొరికాడు దొంగ అనుకున్నాను. దొరికాడు నిజమే.

ఆ వరుస మీద వేలు పెట్టి ఉండగా, ఎందుకో ఇంకో వేలు పైకి పోయింది. ఆరు జరీ గళ్ళ వరుసలో నా పట్టీలో కూడా రెండువేల నలభై నాలుగే ఉంది. ఆరు గళ్ళు జరీ అయితే మిగతా పది పట్టు. జరీ ఉన్నచోట పట్టు, పట్టు ఉన్నచోట జరీ పెడితే ఆరు గళ్ళ బుటా పది గళ్ళ బుటా అవుతుంది. ఒకదానికి ఒకటి. అంటే ఆ రెండు వరుసల్లోనూ ఒకే అంకె ఉండి తీరాలి. పట్టీని పైనుంచి చదివినా కింది నుంచి చదివినా ఒకేలా రావాలి. రెండు చివరల నుంచి రెండు వేళ్ళు మధ్యకు జరుపుకుంటూ వస్తే చాలు, తప్పు ఎక్కడుందో అక్కడ వేళ్ళు ఆగుతాయి.

ఆ వేళ్ళను నేను ముందే చూశాను.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. ధర్మవరంలో డిజైను కాగితం ఇంటి గడప దాటిందంటే, చూస్తానని తీసుకున్నవాడు అదే రోజు నకలు దింపి ఇంకో మగ్గానికి ఎక్కించేవాడు. అందుకని బేరం కుదరకముందు ఎవరికి చూపించే కాగితంలోనైనా మాస్టరు ఒక గడిని కావాలని తప్పు పెట్టేవాడు. దొంగతనంగా నేస్తే ప్రతి బుటాలోనూ అదే చోట తప్పు పడి చీర చెడిపోతుంది. అంత చిన్న తప్పును మనమే మరిచిపోతే కష్టం కదా, అందుకని తప్పు పెట్టినచోట కాగితానికి సూదితో ఒక్క పొడుపు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మనకు మాత్రం కనబడుతుంది. బేరం కుదిరాక తప్పు దిద్ది ఇచ్చేవాళ్ళం. ఇది నాకు పదమూడో ఏట నేర్పారు. సాఫు ప్రతి రాయడమంటే ఒక తప్పు పెట్టి రాయడమేనని నా చేతికి అలవాటు.

కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. రెండువేల యాభై నాలుగు పక్కన, ఐదు అంకెను ఆనుకొని, ఆవగింజ కంటే చిన్నదిగా వెలుతురు కనబడింది.

ట్రంకు పెట్టె దించి చిత్తు పుస్తకం తీశాను. అందులో నలభై నాలుగే ఉంది. మొత్తం డెబ్భై ఆరే ఉంది. సాఫు ప్రతిలో తప్పు పెట్టినవాణ్ణి, అనుమానం రాకుండా మొత్తాన్ని కూడా దానికి సరిపెట్టి ఎనభై ఆరు చేశాను. పని తెలిసినవాణ్ణి కదా. ఆ తర్వాత పెనుకొండ మెట్లు దిగిన కోపంలో ఆ ఎనభై ఆరునే బట్టీ పట్టి, ముప్పై ఏళ్ళు ఊరంతా అప్పజెప్పాను.

యంత్రం సరిగ్గానే చెప్పింది, నేనూ సరిగ్గానే లెక్కపెట్టాను, లెక్చరరూ సరిగ్గానే చూశాడు. మరి నా కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు.

రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవలేదు. మా ఇంటామెకు విషయం చెప్పాల్సి వచ్చింది. అన్నం తినకపోతే అడుగుతుంది కదా. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికగా ఉండేది.

"ముందు ఆ పిల్లికి చెప్పు. పాపం వెతుకుతాంటుంది యాడో," అంది.

రెండు వాక్యాలు రాశాను. తప్పు నా కాగితంలోనిది, నేనే పెట్టి మరిచిపోయాను. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. నా జీవితంలో అంత చిన్న ఉత్తరం రాయలేదు.

పిల్లి ఎగతాళి చేస్తుందనుకున్నాను. తప్పు కనుక్కున్నందుకు అభినందించింది. అంతటితో ఊరుకోకుండా, అట్టలు తిప్పి ఎక్కించే మీ వివరణ పుస్తకాల్లో ఉన్నదానికంటే బాగా అర్థమయింది, మీరు ఒప్పుకుంటే దాన్నీ ఆ పట్టీనీ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం మా వాడుక పుస్తకంలో పెడతాం, ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా నకలు తీసుకోవచ్చు అని రాసింది.

ఎవరైనా నకలు తీసుకోవచ్చట. మా మాస్టరు వింటే చచ్చినవాడు లేచి కూర్చునేవాడు. ముందు ఒక మనిషి చూడాల్సి ఉంది, ఆ తర్వాత చెప్తాను అని జవాబు రాశాను.

పాసింజర్లో పెనుకొండకు గంట ప్రయాణం. అన్నేళ్ళు ఆ రైల్లో ఆ స్టేషన్ దాటినప్పుడల్లా కొండ ఉన్న వైపు కాకుండా ఇంకో వైపు కూర్చునేవాణ్ణి. ఆ రోజు కొండ వైపే కూర్చున్నాను. సంచిలో సాఫు ప్రతి, చిత్తు పుస్తకం, యంత్రం చెప్పిన అంకెల ప్రింటు, కొత్తగా రాసిన పట్టీ ఉన్నాయి. లెక్చరరు ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు.

వరండాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఒడిలో భూతద్దం. ఒకప్పుడు బుటాలు గీసేవాణ్ణని మొదలుపెట్టి, నీళ్ళు తాగి, వానల సంగతి ఎత్తేలోపు ఆయనే అన్నాడు.

"ధర్మవరం కదా నువ్వు? కాగితం లాక్కొని పోయినోడివి."

"లాక్కోలేదు సార్. తీసుకున్నా."

"లాక్కున్నావప్పా. నా టీ కూడా ఒలికిపాయ."

టీ సంగతి నా జ్ఞాపకంలో లేదు. నా జ్ఞాపకం మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఆ నిమిషంలో వచ్చింది.

"తప్పు అంటిరి గదా సార్," అన్నాను.

"అంటి. ఈ వరస ఒక్కటీ తప్పు, మిగిలినదంతా బ్రహ్మాండంగా ఉండాది, ఎవురు నేర్పించినారు నీకు అని అడుగుదామనుకుంటి. నువ్వు నిలబడితివా? మెట్లకాడికి వచ్చి పిలిచినా. తిరిగి చూడకపోతివి."

వెనక నుంచి ఆయన అంటూ వచ్చింది అదన్నమాట.

సంచిలోంచి సాఫు ప్రతి తీసి, తప్పు నేనే ఎలా పెట్టానో, ఎందుకు పెట్టానో చెప్పాను. మా వీధి ఆచారం చెప్పాను. సూదిపొడుపు చూపించాను. ఆయన కాగితాన్ని కళ్ళకు అంటించుకున్నంత దగ్గరగా పెట్టుకొని చాలాసేపు వెతికాడు. కనబడినట్టు లేదు. వేలితో తడిమి పట్టుకున్నాడు.

"అంటే నీ లెక్క నేను దొంగిలిస్తానని పెట్టినావా?"

"అలవాటు సార్."

"నా కాడ మగ్గం యాడిదప్పా? ఏం నేసి అమ్ముకుందునని?" అన్నాడు. ఈసారి నవ్వాడు. నవ్వుతూనే, "ముప్పై ఏండ్లు నన్ను తిట్టుకొని ఉంటావే," అన్నాడు.

"లేదు సార్," అన్నాను. ఆయన భూతద్దం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "తిట్టుకున్నా సార్," అన్నాను.

"మంచి ప్రతి ఏది? ఈ పక్కకి పట్టుకో."

కొత్త పట్టీ ఇచ్చాను. యంత్రం ప్రింటు కూడా ఇవ్వబోతే వద్దన్నాడు. పై వరుస మీద ఒక వేలు, కింది వరుస మీద ఒక వేలు పెట్టాడు. అవే వేళ్ళు, చర్మం ముడతలు పడింది, అంతే తేడా. భూతద్దం నన్ను పట్టుకోమన్నాడు. ఆయన వేళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి నేను అద్దం జరపాలి, కాసేపు పై వేలి మీద, కాసేపు కింది వేలి మీద. ఒకటి, ఒకటి. నాలుగు, నాలుగు. ఈసారి ఇంట్లోవాళ్ళు టీ తెచ్చి పక్కన పెట్టారు, చల్లారింది, దానిమీద మీగడ కూడా కట్టింది. ఆరు గళ్ళ వరుస దగ్గర రెండు వేళ్ళూ ఆగాయి. నా చేతిలో అద్దం కదిలింది.

"ఊరికే పట్టుకోవయ్యా," అన్నాడు. తర్వాత వేళ్ళు కదిలాయి. మధ్య వరుస, మూడువేల రెండువందల డెబ్భై దగ్గర రెండు వేళ్ళూ ఒకదాన్నొకటి తాకాయి.

"సరిగ్గా ఉండాది," అన్నాడు.

ఈ మాట వినడానికి నేను ఎన్ని రకాలుగా కలలు కన్నానో, వాటిలో ఒక్కదాంట్లో కూడా ఆయన భూతద్దం నా చేతిలో లేదు.

ఆయన కాగితం ఇంకా తిరిగి ఇవ్వలేదు. రెండు చేతులతో ఎత్తి ఎండ వైపు పట్టుకున్నాడు. ఆ కళ్ళకు సూదిపొడుపు కనబడదని ఆయనకూ తెలుసు. అయినా పట్టుకొని, పైనుంచి కిందికి చూశాడు.

"యాడా పొడవలేదు గదా?"

"లేదు సార్."

"నువ్వు గూడా ఒకసారి చూడు. నిన్ను నమ్మేదానికి లేదు."

కుర్చీ వెనకకు పోయి, ఆయన భుజం మీదుగా ఒంగి నేనూ చూశాను. ఎందుకు చూశానంటే, నాకూ నమ్మకం లేదు. రాసింది నేనే, రాసిన రోజు కాలరు వెనక సూది ఉంది, అలవాటు చెయ్యి చేస్తుంది గాని మనల్ని అడిగి చేయదు. వరుస వరుసా చూశాను. ఎక్కడా వెలుతురు రాలేదు.

ఆ కాగితం ఆయన దగ్గరే పెట్టుకుంటానన్నాడు. పెట్టుకోమన్నాను. తప్పు లేని కాగితం ఒకటి ఇంకొకరి ఇంట్లో వదిలి రావడం నాకు అదే మొదటిసారి. మెట్లు దిగాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను, ఏమన్నా అంటున్నాడేమోనని. చల్లారిన టీ తాగుతున్నాడు.

ఇంటికొచ్చి పిల్లికి, పెట్టుకోండి, ఎవరైనా నకలు తీసుకోవచ్చు అని రాశాను. పట్టీ పంపేముందు పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి చూసుకున్నాను.